ముందు చక్రం కింద కటకట: షాకులు మార్చినా సౌండ్ ఎందుకు పోతలేదు

మా దిక్కు పికప్ నడిపేటోళ్లకి ఈ సౌండ్ గురించి కొత్తగ చెప్పే పని లేదు. స్పీడ్ బ్రేకర్ దిగంగనే ముందల కుడిపక్క "టక్" అని ఒక్క దెబ్బ, గుంతలుంటే "కటకటకట". లోడు మీద ఉన్నప్పుడు ఇంజన్ లొల్లిల వినపడదు, ఏనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు దింపి ఖాళీ బండితోని పరకాల రోడ్డెక్కినంక మొదలైతది, ఇంటికొచ్చేదాకా తలకాయ తింటది. నా బండికి ఇది మొదలైనప్పుడు నేను కూడా అందరు చేసేదే చేసిన, రోడ్డు పక్క షెడ్డుల ఆపి "షాకులు పోయినట్టున్నయ్ చూడు అన్నా" అన్న. రోగం పేరు నేనే చెప్పిన, ఆయన మందు ఇచ్చిండు. రెండు షాకబ్జర్లు కొత్తయి పడ్డయ్. బండి జర మెత్తగ పోతున్నట్టు అనిపించింది, పైసలు పెట్టినం కాబట్టి అనిపిస్తది కదా. పది రోజులకి సౌండ్ మళ్లీ అట్లనే. ఇంకో కాడికి పోతే లింక్ రాడ్లు అన్నరు, అవీ మారినయ్, సౌండ్ మారలే. మూడో కాడ "పికప్ అంటే గిట్లనే ఉంటది, కారు లెక్క ఉంటదా" అని పంపించిన్రు.

చివరికి వరంగల్ ఆటోనగర్‌ల ఒక పెద్దాయన దగ్గరికి పోయిన, అందరు ఆయన్ని చాచా అనే పిలుస్తరు. ఆయన బండి కిందికి దూరకముందే అడిగిండు, సౌండ్ గుంతల పడ్డప్పుడా, బ్రేకు తొక్కినప్పుడా, స్టీరింగ్ తిప్పినప్పుడా అని. "గుంతలల్ల, చాచా" అని చెప్పిన. "బ్రేకు తొక్కితే?" అన్నడు. గుర్తు చేసుకుంటే నిజమే, బ్రేకు తొక్కినప్పుడు ఒక్కటే ఒక్క టక్, మళ్లీ రివర్స్ తీసి బ్రేకు తొక్కితే ఇంకో టక్. ఆయన నవ్వి "షాకబ్జర్‌కి బ్రేకుతోని ఏం పని తమ్మీ" అన్నడు.

ఈ ఒక్క మాట అర్థమైతే సగం పైసలు మిగులుతయ్. అది అర్థం కావాలంటే ముందు చక్రం దగ్గర ఎవరి పని ఏందో తెలవాలె.

బండి బరువు మోసేది స్ప్రింగ్, అది కాయిల్ కావచ్చు, కమాన్ కట్ట (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలు) కావచ్చు, టోర్షన్ బార్ (మెలితిరిగి బరువు మోసే ఇనుప రాడ్) కావచ్చు. షాకబ్జర్ బరువు మోయదు. స్ప్రింగ్ ఒకసారి ఒత్తుకుంటే ఊయల లెక్క ఊగుతనే ఉంటది, ఆ ఊగుడు ఆపేది షాకబ్జర్, లోపల ఆయిల్ సన్న చిల్లులల్ల నుంచి పోతు వస్తు ఉంటది, ఆ ఊపు అంత వేడి అయి పోతది. అందుకే గతుకుల రోడ్డు మీద చానాసేపు నడిపి ఆపితే షాకబ్జర్ బాడీ చేతికి వెచ్చగ తగుల్తది. షాకు ఖరాబైతే బండి తేలినట్టు పోతది, ఒక గుంత దాటినంక రెండు మూడు సార్లు ఊగుతది, టైరు మీద అక్కడక్కడ గిన్నెల లెక్క పడతది. "టక్" అనుడు మాత్రం మామూలుగ దాని భాష కాదు. షాకు పైన కింద ఉండే రబ్బరు పోయినా, నట్టు లూజైనా అది కూడా కొట్టుకుంటది, అయితే దానికి షాకబ్జర్ మొత్తం మార్చే అవసరం లేదు, రబ్బరు వేస్తే చాలు.

మరి చక్రాన్ని బండికి పట్టి ఉంచేది ఎవరంటే ఆర్మ్‌లు. కింద లోయర్ ఆర్మ్, పైన అప్పర్ ఆర్మ్, రెండూ ఇంగ్లీషు "ఏ" అక్షరం ఆకారంల ఉంటయ్. రెండు కాళ్లు ఉన్న దిక్కు చాసిస్‌కి, అంటే బండి కింది ఇనుప ఫ్రేముకి, బుష్‌లతోని బిగించి ఉంటది, మొన దిక్కు నకుల్‌కి, అంటే చక్రాన్ని పట్టుకొని ఉండే ఇనుప ముక్కకి, బాల్ జాయింట్‌తోని. బుష్ తలుపు బందు లెక్క, ఆర్మ్ పైకి కిందికి కదలనిస్తది కాని ముందుకి వెనక్కి పోనియ్యదు. బాల్ జాయింట్ మన తుంటి కీలు లెక్క, గిన్నెల గోలీ, అన్ని దిక్కుల తిరుగుతది కాని బయటికి రాదు. టై రాడ్ ఎండ్ కూడా అదే జాతి, కాకపోతే అది స్టీరింగ్ మాట చక్రానికి చేరేస్తది. ఇంక రెండు పక్కల్ని కలిపే స్టెబిలైజర్ బార్, మూల తిరిగేటప్పుడు బండి ఒక పక్కకి ఒరగకుండ చూస్తది, దాని చివర లింక్ రాడ్లు.

ఇప్పుడు బ్రేకు సంగతి చూడండి. బ్రేకు తొక్కంగనే చక్రం ఆగుదామనుకుంటది, చాసిస్ మాత్రం ముందుకే పోతుంటది, ఆ గుంజుడంత ఆర్మ్ బుష్‌ల మీద పడతది. బుష్‌ల రబ్బరు తెగి ఉంటే ఆర్మ్ వెనక్కి జరిగి ఇనుము ఇనుముకి తగిలి ఒక టక్ అంటది, ఒకసారి జరిగినంక అక్కడనే ఒత్తుకొని ఉంటది కాబట్టి రెండో టక్ రాదు. రివర్స్‌ల బ్రేకు తొక్కితే అటు దిక్కు జరిగి ఇంకొకటి. చాచాకి బండి ఎత్తకముందే దొంగ ఎవరో తెలిసిపోయింది.

అయితే ఇదంత ఆర్మ్‌లు ఉన్న బండ్లకి. పికప్‌లల్ల ముందల రెండు జాతులు ఉన్నయ్, ఇక్కడనే చానామంది పొరపాటు పడతరు. టాటా ఏస్ లాంటి చిన్న బండ్లకి ముందు కూడా కమాన్లే, ఒక్కటే యాక్సిల్ అటు నుంచి ఇటు. ఇసుజు డీమ్యాక్స్ లాంటి వాటికి డబుల్ విష్‌బోన్, అంటే పైన కింద ఆర్మ్‌లు, మధ్యల కాయిల్ స్ప్రింగ్, రెండు చక్రాలు దేని దారి దానిదే. బొలెరో అనే పేరు జీపుకీ ఉంది, పికప్‌కీ ఉంది, పేరు చెప్పి పార్ట్ అడిగితే కౌంటర్ మీద ఏదో ఒకటి పెడతరు, తెచ్చి చూస్తే కలవదు. ముందు బండి కింద పడుకొని చూడండి, కమాన్ పట్టీలు కనపడితే మీ చిట్టా వేరే: కమాన్ బుష్‌లు, షాకిల్, యు బోల్టులు, సెంటర్ బోల్టు, చానా వాటికి బాల్ జాయింట్ బదులు కింగ్ పిన్, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రం దేని మీద తిరుగుతదో ఆ నిలువు పిన్ను. కింగ్ పిన్‌కి గ్రీజు నిపుల్ ఉంటే గ్రీజు కొట్టుడే దాని అన్నం నీళ్లు, అది మర్చిపోతే స్టీరింగ్ ముందు బిగుసుకుంటది, తర్వాత చక్రం ఊగుతది.

ఇంకో ప్రశ్న ఉంటది, నాకు కూడా మస్తు రోజులు అర్థం కాలే. లోడు వెనక వేస్తం, మరి ముందు పార్టులు ఎందుకు పోతయ్? నిలబడ్డ బండిల బరువు ఎక్కువ వెనక యాక్సిల్ మీదనే ఉంటది, కరెక్టే. బ్రేకు తొక్కినప్పుడు మాత్రం ఆ బరువు ముందుకి ఒరుగుతది, లోడు ఎంత ఎక్కువైతే, ఎంత ఎత్తు కట్టితే అంత ఒరుగుతది, అదే క్షణంల ముందు చక్రం గుంతల పడితే ఇంక చెప్పే పని లేదు. మన అలవాటు కూడా అదే కదా, గుంత కనపడంగనే బ్రేకు తొక్కి, తొక్కిన కాలు తియ్యకుండనే గుంతల దించుడు. బ్రేకు గుంతకి ముందే అయిపోవాలె, దిగేటప్పుడు కాలు తీసెయ్యాలె, అప్పుడు స్ప్రింగ్‌కి కదిలే జాగ దొరుకుతది. లోడు మరీ వెనకకి, యాక్సిల్ దాటి ఏలాడేటట్టు వేస్తే ఉల్టా అయితది, ముందు భాగం లేస్తది, స్టీరింగ్ గాల్ల తిప్పినట్టు అల్కగ అయితది. వెదురు బొంగులో ఇనుప రాడ్లో వేసుకొని పోయినోళ్లకి తెలుసు.

రెండో శత్రువు బురద. బాల్ జాయింట్ మీద ఒక రబ్బరు టోపీ ఉంటది, లోపల గ్రీజు. ఆ టోపీ చీలితే వానాకాలం నీళ్లు, ఇసుక పోయి గ్రీజుల కలుస్తయ్, అది ఇంక గ్రీజు కాదు, సాన పెట్టే మందు. పొలం గట్ల మీద నుంచి ధాన్యం ఎత్తేటోళ్లు, ములుగు దిక్కు ఇసుక దారులల్ల తిరిగేటోళ్లు ఈ టోపీలని మూడు నెలలకోసారన్న చూసుకోవాలె, చూసుడు అంటే చక్రం పూర్తిగ తిప్పి సెల్‌ఫోన్ లైటు కొడితే చాలు. మేడారం జాతరకి ముందు షెడ్ల కాడ లైన్లు కడతరు గాని, నిజానికి ఆ దుమ్ముల తిరిగి వచ్చినంకనే చూపించుకోవాలె.

ఇంక రోగం ఎట్ల పట్టాలె. ముందు ఒక మాట, జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి పోవద్దు, ఎంత తొందరున్నా పోవద్దు, రాళ్లు ఇటుకలు పేర్చి వాటి మీద పెట్టి పోవద్దు, ఇటుక పగిలేముందు చెప్పి పగలదు. గట్టి నేల, వెనక చక్రాలకి అడ్డం చెక్కలు, చాసిస్ కింద స్టాండ్లు.

జాకీ ఎక్కడ పెడుతున్నరన్నదే సగం పరీక్ష. కాయిల్ స్ప్రింగ్ లోయర్ ఆర్మ్ మీద కూసున్న బండ్లల్ల జాకీ చాసిస్ కింద పెట్టి చక్రం ఊపితే మోసపోతరు, స్ప్రింగ్ ఆర్మ్‌ని కిందికి తంతనే ఉంటది, జాయింట్ బిగుసుకొని ఉంటది, లూజు దాక్కుంటది. జాకీ లోయర్ ఆర్మ్ కింద, బాల్ జాయింట్‌కి ఎంత దగ్గరైతే అంత దగ్గర పెట్టి చక్రం నేల నుంచి రెండు వేళ్ల ఎత్తు లేపాలె. అప్పుడు బరువు ఆర్మ్ మీద ఆగుతది, జాయింట్ ఖాళీగ ఉంటది. చక్రాన్ని గడియారం అనుకొని 12 గంటల కాడ ఒక చెయ్యి, 6 గంటల కాడ ఒక చెయ్యి పెట్టి లోపలికి బయటికి ఊపాలె. ఊగితే అది బాల్ జాయింట్ కావచ్చు, హబ్ బేరింగ్ (చక్రం తిరిగే బేరింగ్) కావచ్చు. ఈ రెండిట్ల ఏదో తేల్చనీకి చాచా చేసిన పని నాకు మస్తు నచ్చింది, నన్ను సీట్ల కూసోబెట్టి బ్రేకు గట్టిగ తొక్కి పట్టుకోమన్నడు, మళ్లీ ఊపిండు. బ్రేకు పట్టినప్పుడు హబ్బూ నకుల్ ఒక్కటైతయ్, మధ్యల ఉన్న బేరింగ్ ఆట బందైతది. అందుకని బ్రేకు తొక్కంగనే ఊగుడు ఆగిందంటే తప్పు బేరింగ్‌ది, ఆగకపోతే బాల్ జాయింట్‌ది, కింగ్ పిన్ బండైతే కింగ్ పిన్‌ది. బేరింగ్ అయితే ఎమ్మటే కొత్తది కొననవసరం లేదు, టేపర్ బేరింగ్ ఉన్న హబ్‌లల్ల చానాసార్లు విప్పి కడిగి గ్రీజు మార్చి నట్టు సరిగ్గ బిగిస్తే అయిపోతది. నడుపుతుంటే "గూ" అని సౌండ్ స్పీడుతోని పెరుగుతుంటే మాత్రం అది లోపల గుంటలు పడ్డట్టే, మార్చాలె.

తర్వాత గడ్డపార టైరు కింద పెట్టి మెల్లగ లేపాలె, లేపుతుంటే ఇంకొకరు బాల్ జాయింట్ మీద కన్నేసి ఉండాలె, గోలీ గిన్నెల పైకి కిందికి కదులుతుంటే కనపడతది. కొన్ని జాయింట్లకి కొంచెం ఆట కంపెనీయే ఒప్పుకుంటది, ఎంతో ఆ బండి సర్వీస్ మాన్యువల్ల ఉంటది, అది చూడకుండ "కదులుతుంది, మార్చేద్దం" అన్నా తప్పే. కాకపోతే టోపీ చీలి గ్రీజు బయటికి కారి ఉంటే నేనైతే కొలత కోసం ఆగను. ఎందుకంటే ఈ మొత్తంల ప్రాణం మీదికి తెచ్చేది బాల్ జాయింటే. బుష్ పోతే సౌండ్ వస్తది, టైరు తింటది, షాకు పోతే నడుములు పోతయ్, బరువు మోసే బాల్ జాయింట్ ఊడితే చక్రం లోపలికో బయటికో మలుచుకుంటది, స్టీరింగ్ చేతుల ఉంటది గాని బండి మన మాట వినదు. రోడ్డు పక్క ఒక చక్రం ఏటవాలుగ పడుకోబెట్టినట్టున్న పికప్‌లు మీరు కూడా చూసే ఉంటరు.

టై రాడ్ ఎండ్‌లకి బండి లేపొద్దు, నేల మీదనే ఉండాలె. ఒకరు స్టీరింగ్ అటు ఇటు చిన్నగ, జల్ది జల్ది తిప్పాలె, ఇంకొకరు జాయింట్ మీద చెయ్యి వేసి పట్టుకోవాలె, పోయిన జాయింట్ చేతికి టిక్కు టిక్కుమని తగుల్తది, కండ్లకంటె చెయ్యే నమ్మకం. చెయ్యి ఇరుక్కునే జాగల పెట్టకండి. చక్రం లేపి 3 గంటలు, 9 గంటల కాడ పట్టుకొని ఊపినా ఇదే తెలుస్తది.

బుష్‌లకి గడ్డపార ఆర్మ్‌కీ చాసిస్ బ్రాకెట్‌కీ మధ్యల పెట్టి ముందుకి వెనక్కి నూకాలె. పైపైన రబ్బరు పగుళ్లు ఉన్నంత మాత్రాన పోయినట్టు కాదు, వయసు అయిన రబ్బరుకి పగుళ్లు వస్తయ్. రబ్బరు లోపలి ఇనుప గొట్టం నుంచి విడిపోయిందా అనేదే చూడాలె. నా బండికి కుడి లోయర్ ఆర్మ్ వెనక బుష్ గిట్ల నూకంగనే బొటనవేలు మందం సందు తెరుచుకుంది, వదలంగనే టక్ అని మూసుకుంది. అదే సౌండ్. నాలుగు నెలల నుంచి నా తలకాయ తిన్న సౌండ్, బండి నిలబడ్డ కాడనే, గడ్డపార మొనకి.

ఇక్కడనే అసలు కథ. ఆ బుష్ పాతది కాదు, ముందటి దసరాకి బండి కొన్నప్పుడే రెండు పక్కల బుష్‌లు కొత్తయి వేయించిన, బిల్లు కూడా ఉంది. అదే మాట చాచాతోని అంటే ఆయన ఏమనలే, ఆర్మ్ విప్పి ప్రెస్సు మీద బుష్ కొట్టించి నా చేతుల పెట్టిండు. రబ్బరు నల్లగ, మెరుస్తనే ఉంది, బయట ఒక్క పగులు లేదు. లోపలి గొట్టం చుట్టు మాత్రం తెగి ఉంది, అది కూడా తిన్నగ కాదు, తాడు పేనినట్టు మెలికలు మెలికలుగ. "ఇది అరిగింది కాదు, మెలిపడి తెగింది. గాల్ల బిగించిన్రు" అన్నడు.

గాల్ల బిగించుడు అంటే ఏందో చెప్త, ఈ మొత్తం రాసుడే దీని కోసం. ఈ రకం రబ్బరు బుష్‌ల ఏదీ జారదు, ఏదీ తిరగదు. బయటి గొట్టం ఆర్మ్‌ల ప్రెస్సు అయి ఉంటది, లోపలి గొట్టం బోల్టు బిగించినప్పుడు చాసిస్ బ్రాకెట్‌కి అతుక్కుపోతది, మధ్యల రబ్బరు రెండింటికీ అంటుకొని ఉంటది. ఆర్మ్ పైకి కిందికి కదిలితే కదిలేది రబ్బరే, మెలితిరిగి మళ్లీ వస్తది. అంటే బోల్టు ఏ ఎత్తుల బిగిస్తే ఆ ఎత్తే ఆ రబ్బరుకి సున్నా. బండి లిఫ్ట్ మీద ఉండి చక్రం కిందికి ఏలాడుతున్నప్పుడు ఇంపాక్ట్ గన్‌తోని గుర్రుమని బిగిస్తే, ఏలాడే ఎత్తు సున్నా అయితది. బండి నేలకి దించంగనే రబ్బరు మెలితిరిగిపోతది, తువాల సగం పిండి అట్లనే పట్టుకున్నట్టు, రాత్రంత నిలబెట్టినా మెలికల్నే ఉంటది. దాని మీద ప్రతి గుంతకి ఇంకొంచెం. అది ఎన్నాళ్లు ఆగుతది, నాలుగైదు నెలలు ఆగింది.

కరెక్టు పద్ధతి చెయ్యనీకి పెద్ద ఖర్చేం లేదు. ఆర్మ్ ఎక్కించేటప్పుడు బుష్ బోల్టులు చేతితోని బిగిసేంత వరకే పెట్టాలె, మిగతా పనంత అయినంక చక్రాలు వేసి బండి నేల మీదికి దించాలె, ముందల రెండు మూడు సార్లు నొక్కి వదిలి, నాలుగడుగులు ముందుకి వెనక్కి జరిపి, అప్పుడు కిందికి పోయి టార్క్ రెంచ్‌తోని (ఎంత బలంతోని బిగిస్తున్నమో చూపించే పానా) మాన్యువల్ల చెప్పినంత బిగించాలె. నేల మీద పానా పట్టకపోతే లోయర్ ఆర్మ్ కింద జాకీ పెట్టి బండి బరువు ఆర్మ్ మీద పడేంత లేపి బిగించినా సరే. కమాన్ కట్ట బండ్లల్ల రబ్బరు బుష్‌లు ఉన్న కమాన్ పిన్నులకీ షాకిల్‌కీ ఇదే లెక్క. గ్రీజు నిపుల్ ఉన్న ఇత్తడి బుష్‌లకి ఈ పట్టింపు లేదు, అవి తిరిగేటందుకే ఉన్నయ్. ఇంకోటి, రబ్బరు బుష్ ఎక్కుతలేదని గ్రీజో పాత ఇంజన్ ఆయిలో రాస్తరు, పెట్రోలియం నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడతది, సబ్బు నీళ్లు పెట్టుకుంటే అయిపోయేదానికి.

మిగతా విప్పుడు బిగించుడు గురించి జల్ది చెప్త. కాయిల్ స్ప్రింగ్‌తోని పరాచికాలు ఆడొద్దు, ఒత్తి ఉన్న స్ప్రింగ్ బాల్ జాయింట్ విప్పంగనే బయటికి ఎగిరిందంటే మనిషిని చంపుతది, జాయింట్ నట్టు తీసేముందు లోయర్ ఆర్మ్ కింద ఆసరా ఉండాలె, స్ప్రింగ్ తియ్యాలంటే కంప్రెసర్ ఉండాలె. ఈ పని రానోళ్లు ఇంటికాడ చెయ్యకండి, నేను కూడా చెయ్యను. టోర్షన్ బార్ బండైతే అడ్జస్ట్ బోల్టు లూజు చేసేటప్పుడు ఎన్ని తిప్పులు తిప్పిన్రో రాసి పెట్టుకోండి, లేకుంటే బండి ఒక పక్క ఎత్తు ఒక పక్క పల్లం అయితది. బాల్ జాయింట్ స్టడ్ కోను ఆకారంల ఉండి నకుల్‌ల పట్టేసి ఉంటది, చానామంది స్టడ్ నెత్తి మీదనే సుత్తెతోని కొడతరు, మరలు చచ్చిపోతయ్. నట్టు నాలుగు మరల మీద ఉంచి నకుల్ చెవి పక్కకి గట్టిగ రెండు కొడితే దానంతట అదే వదులుతది, పుల్లర్ ఉంటే ఇంకా మంచిది. బిగించేటప్పుడు కాస్టిల్ నట్టు గాడి స్ప్లిట్ పిన్ చిల్లుకి కలవకపోతే వెనక్కి లూజు చేసి కలపొద్దు, ముందుకే బిగించి కలపాలె, స్ప్లిట్ పిన్ ఎప్పుడూ కొత్తదే. బ్రేకు కాలిపర్ విప్పితే పైపు మీద ఏలాడెయ్యకుండ తీగతోని కట్టండి. టై రాడ్ ఎండ్ తీసేముందు లాక్ నట్టు కాడ పెయింట్ గీత పెట్టి, విప్పేటప్పుడు ఎన్ని తిప్పులకి ఊడిందో లెక్క పెట్టాలె, కొత్తది అన్నే తిప్పులు ఎక్కించాలె. అది అలైన్‌మెంట్‌కి, అంటే మిషన్ మీద చక్రాల కోణాలు సరిచేసుడుకి, బదులు కాదు, అలైన్‌మెంట్ షాపు దాకా చక్రాలు తిన్నగ పోయేటందుకు.

అలైన్‌మెంట్ అంటే గుర్తొచ్చింది, మనోళ్లకి ఇదొక పిచ్చి. బండి ఒక పక్క గుంజితే అలైన్‌మెంట్, టైరు తింటే అలైన్‌మెంట్. బుష్ తెగి ఆర్మ్ ఊగుతుంటే మిషన్ మీద పచ్చ గీతలు వచ్చినయంటే అవి ఆ నిమిషానికి మాత్రమే నిజం, షాపు బయట మొదటి స్పీడ్ బ్రేకర్ దాటంగనే కొలత మారిపోతది. పార్టులు ముందు, అలైన్‌మెంట్ చివర. టో, అంటే పైనుంచి చూస్తే చక్రం ముందు భాగం లోపలికో బయటికో ఎంత తిరిగి ఉందన్నది, ఎందుకు అంత ముఖ్యమంటే ఒక లెక్క చూడండి. చక్రం పోయే దారికి ఒక్క డిగ్రీ పక్కకి తిరిగి ఉంటే కిలోమీటరుకి 17 మీటర్ల పైన పక్కకి ఈడ్చుకుంటు పోయినట్టు. వరంగల్ నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు, అంటే ఒక్క ట్రిప్పుల టైరుని రెండున్నర కిలోమీటర్లు అడ్డంగ గీకినట్టు. అట్ల గీకిన టైరు మీద అరచెయ్యి అడ్డంగ తిప్పి చూస్తే వరి ఆకు అంచు లెక్క ఉంటది, ఒక దిక్కు నున్నగ పోతది, ఇంకో దిక్కు పట్టుకుంటది. టైరు లోపలి అంచో బయటి అంచో ఒక్కటే అరిగి నున్నగైతే క్యాంబర్ తప్పినట్టు, అంటే చక్రం నిలువుగ లేదు, వంగి ఉంది, దానికి బుష్‌లు బాల్ జాయింట్లు మొదట చూడాలె. రెండు అంచులు అరిగి నడుమ మంచిగ ఉంటే మాత్రం గాలి తక్కువ ఉన్నట్టు, దానికి షెడ్డుకి పోవుడెందుకు.

కొనుడు సంగతి. షాకబ్జర్లు, స్ప్రింగులు ఎప్పుడైనా జతగనే, ఒక పక్క కొత్తది ఒక పక్క పాతది వేస్తే బండి రెండు కాళ్లకి రెండు రకాల చెప్పులు వేసుకున్నట్టు నడుస్తది. బుష్‌లు కూడా నేనైతే రెండు పక్కల వేస్త, ఎందుకంటే రెండూ అదే రోడ్డు తిన్నయ్, మళ్లీ అలైన్‌మెంట్ ఖర్చు తప్పుతది. బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ మాత్రం అవతలిది గట్టిగ ఉంటే అట్లనే ఉంచుత, "సెట్టు మొత్తం మార్చేద్దాం" అనే మాటకి తల ఊపను. బాల్ జాయింట్, రెండు బుష్‌లు మూడూ పోతే ఆర్మ్ మొత్తమే కొత్తది తీసుకునుడు మంచిది, ప్రెస్సు కూలీ, తిరుగుడు కలిపితే పెద్ద తేడా ఉండదు. డూప్లికేట్ బాల్ జాయింట్ జోలికి మాత్రం పోవద్దు, బుష్‌ల మోసపోతే సౌండ్ వస్తది, దీంట్ల మోసపోతే చక్రం పోతది. బిల్లు అడిగి తీసుకోండి, ఆటో పార్టులన్నిటి మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతమే, ముందు చానా వాటి మీద 28 ఉండె, "బిల్లు లేకుంటే చీప్" అనే బేరంల ముందంత మిగులు ఇప్పుడు లేదు, పార్ట్ ఫెయిలైతే చేతుల కాయితమన్న ఉంటది.

నా బండికి చివరికి మారినయ్ ఏందంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు రెండు పక్కల, కుడి టై రాడ్ ఎండ్ ఒకటి, అంతే. అనవసరంగ మార్చిన షాకబ్జర్లు, లింక్ రాడ్లు మంచిగనే ఉన్నయ్, ఉండక ఏం చేస్తయ్, వాటికేం రోగం ఉండె గనక. బుష్ బోల్టులు చాచా బండి నేలకి దించి, నన్ను డ్రైవర్ సీట్ల కూసోబెట్టి, వెనక ఆయన కొడుకునీ ఇంకో ఇద్దర్నీ ఎక్కించి ఆడిచ్చి మరీ బిగించిండు. బిగించిన ప్రతి నట్టు మీద, పక్కన ఇనుము మీదికి వచ్చేటట్టు తెల్ల పెయింట్‌తోని ఒక గీత గీసిండు, "500 కిలోమీటర్లు తిరిగి రా, గీత విరిగిందేమో చూద్దం" అన్నడు.

వారం దాటకముందే తిరిగినయ్, మిర్చి సీజన్ కదా. పోతే అన్ని గీతలు కలిసే ఉన్నయ్, ఒక్క కుడి లింక్ రాడ్ నట్టు కాడ విరిగి ఉంది, అంతకుముందు వేరే కాడ మార్పించింది. పావు తిప్పు లూజు. బిగించి, పాత గీత తుడిచి కొత్త గీత గీసి, దానికి పైసలు తీసుకోలే.